జీపీఎస్ సిగ్నల్ పోతే: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ఏవి ఆగుతాయి? ఏవి ఆగవు?

2025 డిసెంబరు 1న రాజ్యసభకు అందిన ఒక లిఖితపూర్వక సమాధానంలో హైదరాబాద్ విమానాశ్రయం పేరు కూడా ఉంది. ఉపగ్రహ సంకేతాల్లో అంతరాయం గురించి ఫిర్యాదులు వచ్చిన విమానాశ్రయాల జాబితా అది. ఢిల్లీతో పాటు కోల్‌కతా, అమృత్‌సర్, ముంబయి, హైదరాబాద్, బెంగళూరు, చెన్నై అందులో ఉన్నాయి. సమాధానం ఇచ్చింది కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు. ఢిల్లీలో 10వ నంబరు రన్‌వే వైపు జీపీఎస్ సాయంతో దిగుతున్న కొన్ని విమానాలకు నకిలీ సంకేతాలు అందాయని ఆయన చెప్పారు. నేల మీది పాతకాలపు రేడియో పరికరాలున్న మిగతా రన్‌వేలపై మాత్రం ప్రభావం పడలేదని కూడా అదే సమాధానంలో ఉంది.

విమానాల గొడవ మనకెందుకు అనుకోవచ్చు. కానీ విమానం వాడుకునే సంకేతమే మీ జేబులోని ఫోనూ వాడుకుంటుంది. మీ ఊరి 108 వాహనం, ఆర్టీసీ బస్సు, పొలం కొలిచే సర్వేయర్ చేతిలోని రోవర్, ఉపాధి హామీ పనిచోట ఫొటో తీసే మేట్ ఫోన్ కూడా ఆ సంకేతం మీదే ఆధారపడ్డాయి. అది ఒక పూట అందకపోతే, లేదా తప్పుగా అందితే కడప జిల్లాలోని ఈ మూడు పట్టణాల్లో ఏమవుతుంది? ఒక్కో సేవనూ తీసుకుని చూద్దాం.

మీ చోటు మీ ఫోన్‌కు ఎలా తెలుస్తుంది?

జీపీఎస్ అమెరికా ప్రభుత్వానిది. దాని ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. రష్యాకు గ్లోనాస్, యూరప్‌కు గెలీలియో, చైనాకు బైడూ, మనకు నావిక్ ఉన్నాయి. ఇప్పటి స్మార్ట్‌ఫోన్లు వీటిలో మూడు నాలుగింటిని కలిపి వాడుకుంటాయి.

ప్రతి ఉపగ్రహంలోనూ అణు గడియారం ఉంటుంది. 'నేను ఇక్కడున్నాను, ఇప్పుడు సమయం ఇంత' అని అది నిరంతరం చెబుతూ ఉంటుంది. ఆ మాట మీ ఫోన్‌కు చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్క తేలుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల మాట వినపడితే మీ చోటు, ఎత్తు, సరైన సమయం మూడూ తెలుస్తాయి.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, ఇది దారి చూపే వ్యవస్థ కంటే ముందు సమయం చెప్పే వ్యవస్థ. రేడియో తరంగం మైక్రోసెకనులో, అంటే సెకనులో 10 లక్షల వంతు కాలంలో, 300 మీటర్లు వెళ్తుంది. గడియారం అంత తప్పితే దూరం లెక్క 300 మీటర్లు తప్పుతుంది. రెండోది, ఈ సంకేతం చాలా బలహీనమైనది. 20 వేల కిలోమీటర్ల దూరంలో వెలుగుతున్న ఇంటి బల్బును ఇక్కడి నుంచి చూడటం లాంటిది. అందుకే దాన్ని నేల మీద నుంచి ఒక చిన్న పరికరంతో కప్పేయడం సులువు.

సంకేతం ఎందుకు పోతుంది?

కారణాలు ప్రధానంగా నాలుగు.

ఒకటి, ఆకాశం కనిపించకపోవడం. గండికోట లోయ అడుగుకు దిగినా, సందుల్లోని మేడల మధ్య నిలబడినా, భవనం లోపలికి వెళ్లినా ఉపగ్రహాలు కొన్నే అందుతాయి. ఇది మామూలే. బయటికొస్తే సర్దుకుంటుంది.

రెండు, జామింగ్. అదే పౌనఃపున్యంలో పెద్ద రొద పెట్టి అసలు సంకేతాన్ని వినపడకుండా చేయడం. 2012లో అమెరికాలో నెవార్క్ విమానాశ్రయం దగ్గర ఇలాగే జరిగింది. తన వాహనం ఎక్కడుందో యజమానికి తెలియకూడదని ఒక డ్రైవర్ చిన్న జామర్ పెట్టుకుంటే, పక్కనున్న విమానాశ్రయం పరికరాలకు అడ్డొచ్చింది. ఆయనకు 32 వేల డాలర్ల దాకా జరిమానా ప్రతిపాదించారు. మన దగ్గర కూడా ప్రభుత్వ అనుమతి లేకుండా జీపీఎస్ బ్లాకర్లు, జామర్లు వాడటం చట్టవిరుద్ధమని టెలికాం శాఖ 2022 జనవరిలో మరోసారి స్పష్టం చేసింది. ఇసుక వాహనాలకు, ప్రయాణికుల వాహనాలకు ట్రాకింగ్ పరికరాలు వచ్చిన ఈ రోజుల్లో ఈ నిబంధన పెన్నా ఒడ్డున ఉన్నవారికీ వర్తిస్తుంది.

మూడు, స్పూఫింగ్. అంటే అసలు సంకేతంలా కనిపించే నకిలీ సంకేతం పంపడం. జామింగ్‌లో ఫోన్ 'నాకు తెలియడం లేదు' అంటుంది. స్పూఫింగ్‌లో తప్పు చోటును ధీమాగా చూపిస్తుంది. 2024 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్‌లోని చాలామంది ఫోన్లు వారు పక్క దేశం లెబనాన్‌లోని బేరూత్ విమానాశ్రయంలో ఉన్నట్టు చూపించాయి. మన దేశంలోనూ 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి వరకు సరిహద్దు ప్రాంతాల్లో, ఎక్కువగా అమృత్‌సర్, జమ్మూ పరిసరాల్లో విమానాలకు ఇలాంటి అంతరాయాలు 465 నమోదయ్యాయని ప్రభుత్వం లోక్‌సభకు తెలిపింది.

నాలుగు, సూర్యుడు, మన నెత్తిన ఉన్న అయనావరణం. 2024 మే 10, 11 తేదీల్లో వచ్చిన సౌర తుపాను రెండు దశాబ్దాల్లో అతి పెద్దది. అమెరికాలో జీపీఎస్‌తో నడిచే ట్రాక్టర్లు గాడి తప్పడంతో చాలామంది రైతులు విత్తనం వేయడం ఆపేశారు. దక్షిణ భారతదేశానికి దీనిలో ఒక ప్రత్యేకత ఉంది. భూ అయస్కాంత మధ్యరేఖ మన ద్వీపకల్పం దక్షిణ కొస మీదుగా వెళ్తుంది. దాని వల్ల పొద్దుగూకిన తర్వాత, ముఖ్యంగా మార్చి, సెప్టెంబరు నెలల చుట్టుపక్కల, పై వాతావరణంలో బుడగల్లాంటివి ఏర్పడి ఉపగ్రహ సంకేతాలను వణికిస్తాయి. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడార్‌తో గమనించే విషయాల్లో ఇదొకటి.

వీటికి తోడు వ్యవస్థ తానే తప్పు చేయడం కూడా ఉంది. 2016 జనవరి 26న ఒక పాత జీపీఎస్ ఉపగ్రహాన్ని విరమింపజేసే పనిలో సాఫ్ట్‌వేర్ పొరపాటు వల్ల సమయం 13.7 మైక్రోసెకన్లు తేడాగా ప్రసారమైంది. ఫోన్లలో మ్యాపులు బాగానే పనిచేశాయి. కానీ ప్రపంచంలో పలుచోట్ల టెలికాం పరికరాలు గంటల తరబడి హెచ్చరికలు మోగించాయి. 2019 జులైలో యూరప్ గెలీలియో దాదాపు వారం రోజులు ఆగిపోయింది. ఫోన్లు జీపీఎస్‌కు మారిపోవడంతో మామూలు జనానికి తెలియనే లేదు.

ముందు ఇది తేల్చుకోండి: పోయింది సిగ్నలా, డేటానా, మ్యాపా?

'జీపీఎస్ పనిచేయడం లేదు' అని మనం అనే సందర్భాల్లో ఎక్కువ భాగం నిజానికి జీపీఎస్ తప్పు కాదు. తేడా ఇలా కనిపెట్టవచ్చు.

తెల్లటి తెర మీద నీలి చుక్క సరిగ్గా కదులుతోంది, రోడ్లు మాత్రం కనిపించడం లేదు అంటే పోయింది ఇంటర్నెట్. ఉపగ్రహ సంకేతానికి డేటా బ్యాలెన్సుతో పని లేదు. మ్యాపును ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

మ్యాపు ఉంది, కానీ చుక్క చుట్టూ పెద్ద లేత నీలి వలయం వచ్చింది, చుక్క గెంతుతోంది అంటే ఉపగ్రహాలు సరిగ్గా అందడం లేదు. ఫోన్ దగ్గర్లోని టవర్లను, వైఫైని బట్టి ఊహిస్తోంది. టవర్లు దగ్గర దగ్గరగా ఉన్న ప్రొద్దుటూరు పట్టణంలో ఆ ఊహ కొంత నయం. టవర్లు దూరంగా ఉన్న పులివెందుల పల్లెల్లో అదే ఊహ కిలోమీటర్ల మేర తప్పవచ్చు. ముందు బ్యాటరీ సేవర్ తీసేసి, యాప్‌కు కచ్చితమైన లొకేషన్ అనుమతి ఉందో లేదో చూసి, ఆరుబయట రెండు నిమిషాలు నిలబడండి. అప్పటికీ మీతో పాటు పక్కవారి ఫోన్లలోనూ అదే తీరు ఉంటే అంతరాయం ఉందని అనుమానించాలి.

చుక్క సరైన చోటే ఉంది, దారి మాత్రం తప్పు అంటే పోయింది మ్యాపు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర నావిగేషన్ యాప్ చూపిన దారిలో వెళ్లిన కారు, సగం కొట్టుకుపోయిన వంతెన మీద నుంచి రామగంగ నదిలో పడి ముగ్గురు చనిపోయారు. అక్కడ ఉపగ్రహాలది తప్పు కాదు. వంతెన తెగిన సంగతి మ్యాపులోకి ఎక్కలేదు, రోడ్డు మీద అడ్డుకట్ట లేదు.

108 వాహనం: సెకన్ల లెక్క

మన రాష్ట్రంలో 108 సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. 2020 జులై 1న 108, 104 సేవలకు కలిపి 1,088 వాహనాలను కొత్తగా ప్రవేశపెట్టారు. మీరు ఫోన్ చేస్తే కాల్ సెంటర్‌లోని వారు తెర మీద దగ్గర్లోని వాహనం ఏదో చూసి పంపుతారు. సంకేతం లేకపోతే ఆ తెర గుడ్డిదవుతుంది. అప్పుడు పైలట్లకు ఫోన్లు చేసి 'ఎక్కడున్నావు' అని అడగాలి. వాహనం ఆగిపోదు. ఆలస్యమవుతుంది.

ఆ ఆలస్యాన్ని తగ్గించేది మీరు చెప్పే చిరునామా. జమ్మలమడుగు దగ్గర పల్లెలో ఉండి 'లొకేషన్ పెడతాను' అంటే పని జరగని రోజు అది. ఊరి పేరు, మండలం, ఏ రోడ్డు నుంచి ఎటు తిరగాలి, దగ్గర్లో గుడి, బడి, నీళ్ల ట్యాంకు ఏదుంది, ఎవరు రోడ్డు మీదికొచ్చి నిలబడతారు అనే ఐదు మాటలు చాలు. మన జిల్లాలో ఒకే పేరున్న ఊళ్లు ఒకటికి మించి ఉంటాయి కాబట్టి మండలం చెప్పడం మరవొద్దు. అద్దె ఇంట్లో ఉంటున్నవారు ఈ వివరాలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కో తలుపుకో అంటించుకుంటే, ఇంట్లో పిల్లలో పెద్దలో ఎవరు ఫోన్ చేసినా చెప్పగలరు.

ఆర్టీసీ బస్సు: నడుస్తుంది, కనిపించదు

ఆర్టీసీ లైవ్ ట్రాక్ యాప్‌లో బస్సు ఎక్కడుందో చూసుకుని ఇంటి నుంచి బయల్దేరే అలవాటు చాలామందికి వచ్చింది. సంకేతం పోతే యాప్‌లో బస్సు ఆగిపోయినట్టు కనిపించవచ్చు. రోడ్డు మీద అది నడుస్తూనే ఉంటుంది. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, పులివెందుల వెళ్లే డ్రైవర్లకు మలుపు మలుపూ తెలుసు. మీకు కావాల్సింది బస్టాండ్‌లో రాసి ఉండే టైంటేబుల్, ఎత్తే ఎంక్వయిరీ ఫోన్. ఆ రెండూ సరిగ్గా ఉన్నాయా లేదా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

కొత్త బస్సులు, ట్యాక్సీలలో 2019 నుంచి తప్పనిసరి చేసిన ట్రాకింగ్ పరికరం, అత్యవసర బటన్ సంగతి వేరు. మహిళా ప్రయాణికురాలు బటన్ నొక్కితే హెచ్చరికతో పాటు చోటు కూడా వెళ్లాలి. సంకేతం లేనప్పుడు చివరిసారి నమోదైన చోటే వెళ్తుంది. కాబట్టి బటన్ నొక్కినా సరే, వీలైతే 112కు ఫోన్ చేసి బస్సు నంబరు, దాటిన ఊరు చెప్పండి.

పొలం కొలత: సంకేతం పోవడం కంటే తప్పు రావడం ప్రమాదం

ఈ మూడు పట్టణాల్లో ఉన్న చాలామందికి ఊళ్లో చేనో, చీనీ తోటో, అరటి తోటో ఉంటుంది. రాష్ట్రంలో భూముల రీసర్వే 2020 డిసెంబరు 21న మొదలై, ప్రభుత్వం మారాక కొన్ని మార్పులతో కొనసాగింది. పాత సర్వేలో గొలుసు పట్టి లాగి, రాళ్లు పాతి, కొలతల పుస్తకంలో రాసేవారు. ఇప్పుడు డ్రోన్లు, రోవర్లు వచ్చాయి. రోవర్ ఉపగ్రహ సంకేతాలతో పాటు నేల మీద స్థిరంగా ఉన్న కార్స్ కేంద్రాల నుంచి మొబైల్ డేటా ద్వారా సవరణలు అందుకుని, కొన్ని సెంటీమీటర్ల తేడాతో హద్దు చెబుతుంది.

సంకేతం పూర్తిగా పోతే రోవర్ పనిచేయదు. సర్వేయర్ మరో రోజు వస్తారు. నష్టం ఒక రోజే. సంకేతం సగం సగం అందుతుంటేనే చిక్కు. లెక్క పక్కాగా కుదిరితే రోవర్ తెర మీద 'ఫిక్స్' అని చూపిస్తుంది. కుదరకపోతే 'ఫ్లోట్' అని చూపిస్తుంది. ఫ్లోట్‌లో ఉన్నప్పుడు తీసిన బిందువు కొన్ని పదుల సెంటీమీటర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ తప్పవచ్చు.

చిన్న లెక్క చూడండి. 100 మీటర్ల పొడవున్న గట్టు 30 సెంటీమీటర్లు అటు జరిగితే 30 చదరపు మీటర్లు పోతాయి. అంటే దాదాపు ముప్పావు సెంటు. చీనీ తోటలో అది ఒక చెట్టు చోటు. ప్రొద్దుటూరు శివార్లలోని ప్లాటులో అయితే లక్షల మాట. అన్నదమ్ముల మధ్య, పక్క చేని వారితో ఏళ్ల తరబడి కోర్టుకు తిప్పే గొడవ మొదలవడానికి అంత చాలు.

కాబట్టి మీ పొలం కొలిచే రోజు మీరు అక్కడుండాలి. రోవర్ తెర మీద 'ఫిక్స్' ఉందా అని అడగండి. చింతచెట్టు నీడలోనో, గుబురు తోటలోనో, హైటెన్షన్ తీగల కిందో హద్దు మూల ఉంటే మళ్లీ ఒకసారి తీయమనండి. పాత హద్దురాళ్లు పీకేయనివ్వొద్దు. రేపు రెండు కొలతలకు తేడా వస్తే ముందుగా చూసేది నేల మీద ఏముందనే.

కూలి డబ్బు, పంట నమోదు, ఇంటి బిల్లు: ఉపగ్రహమే సాక్షి

అసలు ఎక్కువ మందిని తాకేది ఇక్కడే. గత కొన్నేళ్లలో ప్రభుత్వ పథకాలన్నీ 'చోటు ముద్ర ఉన్న ఫొటో'కు అలవాటు పడ్డాయి. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి మేట్ యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫొటోతో హాజరు వేయడం తప్పనిసరి చేశారు. ఈ-పంటలో చేను ఫొటో చోటు వివరాలతో సహా ఎక్కితేనే పంట నమోదు. బీమాకైనా, నష్టపరిహారానికైనా, కొనుగోలుకైనా అదే ఆధారం. ప్రభుత్వ ఇంటి పథకంలో పునాది, గోడలు, కప్పు దశల ఫొటోలు చోటు ముద్రతో ఎక్కితేనే బిల్లు.

అక్రమాలను ఆపడానికి ఇది పనికొస్తుందన్న వాదనలో నిజముంది. కానీ చోటు ముద్ర ఉన్నంత మాత్రాన ఫొటో నిజమైనది కాదు. ఉపాధి హామీ యాప్‌లో పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారని కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే 2025 జులైలో రాష్ట్రాలకు లేఖ రాసింది. దీనికి రెండో వైపూ ఉంది. ముద్ర పడలేదు కాబట్టి కూలి మనిషి పనికి రాలేదని అనడం కూడా అన్యాయం. ఎండలో మట్టి తవ్విన మనిషికి ఉపగ్రహం సాక్ష్యం చెప్పలేకపోతే కూలి ఎవరు ఇస్తారు?

దీనికి నిబంధనల్లో దారి పెట్టారు. అసాధారణ కారణాల వల్ల యాప్‌లో హాజరు ఎక్కకపోతే కాగితం మీది హాజరును నమోదు చేసే అధికారాన్ని ఉపాధి హామీ అమలులో జిల్లా స్థాయి అధికారికి ఇచ్చారు. ఈ సంగతి కూలీలకు చాలామందికి తెలియదు. మీ ఇంట్లో పనిచేసేవారో, మీ సొంతూళ్లోని బంధువులో ఆ పనికి వెళ్తుంటే చెప్పండి: ఫొటో ఎక్కని రోజు కాగితం మస్టర్‌లో పేరు, సంతకం ఉండేలా చూసుకోవాలి, అదే రోజు ఫిర్యాదు రాసి ఇవ్వాలి, ఆ కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోవాలి. ఈ-పంట విషయంలోనూ అంతే. రైతు సేవా కేంద్రంలో నమోదు కాలేదని తెలిసిన రోజే రాతపూర్వకంగా అడగాలి. గడువు దాటాక సిగ్నల్ లేదన్న మాట ఎవరూ వినరు.

ఫోన్ టవర్, కరెంటు, ఫోన్‌పే: వెంటనే ఆగవు

టవర్ల మీద పుట్టగొడుగు ఆకారంలో చిన్న యాంటెన్నా ఉంటుంది. అది ఉపగ్రహాల నుంచి తీసుకునేది చోటు కాదు, సమయం. 5జీ టవర్లన్నీ ఒకే తాళానికి ఆడాలి. ఉమ్మడి గడియారంతో తేడా 1.5 మైక్రోసెకన్లకు మించితే ఒకదాని తరంగం మరొకదానికి అడ్డు తగులుతుంది. సంకేతం పోయిన వెంటనే ఏమీ కాదు, ఎందుకంటే టవర్‌లోని గడియారం కొన్ని గంటలు సమయాన్ని నిలబెట్టుకుంటుంది. ఫైబర్ ద్వారా సమయం అందే టవర్లు ఇంకా ఎక్కువసేపు నిలుస్తాయి. ఆ తర్వాతే కాల్స్ తెగడం, నెట్ నెమ్మదించడం మొదలవుతుంది.

కరెంటు పోదు. ఎర్రగుంట్ల మండలంలోని రాయలసీమ థర్మల్ కేంద్రమైనా, మైలవరం సౌర పార్కైనా ఉపగ్రహ సంకేతం లేదని ఉత్పత్తి ఆపవు. కానీ గ్రిడ్‌లో వివిధ చోట్ల ఒకే క్షణంలో వోల్టేజీ ఎలా ఉందో కొలిచే పరికరాలు ఉపగ్రహ సమయంతోనే పనిచేస్తాయి. ఆ సమయం తప్పితే, లైన్ ట్రిప్ అయినప్పుడు ముందు ఏది తెగిందో, తర్వాత ఏది తెగిందో తేల్చడం ఇంజినీర్లకు కష్టమవుతుంది.

ఫోన్‌పే, గూగుల్‌పే కూడా వెంటనే ఆగవు. డబ్బు పంపడానికి ఉపగ్రహ సంకేతం అవసరం లేదు, ఇంటర్నెట్ కావాలి. ఆ ఇంటర్నెట్ టవర్ మీద, టవర్ సమయం మీద ఆధారపడింది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో క్యూఆర్ కోడ్ స్కాన్ కాకపోతే దానికి కారణం అంతరిక్షంలో కాకుండా నెట్‌వర్క్‌లో ఉండే అవకాశమే చాలా ఎక్కువ.

మన నావిక్ ఉంది కదా?

ఉంది, కానీ సన్నటి దారం మీద నడుస్తోంది. పరాయి దేశం వ్యవస్థ మీద ఆధారపడితే యుద్ధం వేళ ఇబ్బంది అన్న ఆలోచన 1999 కార్గిల్ తర్వాత మన దేశంలో బలపడింది. తొలి నావిక్ ఉపగ్రహం 2013 జులై 1న మన శ్రీహరికోట నుంచే వెళ్లింది. 2016 ఏప్రిల్‌లో ఏడోది కక్ష్యలోకి చేరాక ఈ వ్యవస్థకు నావిక్ అని పేరు పెట్టారు. అదే ఏడాది మొదటి ఉపగ్రహంలోని అణు గడియారాలు మూడూ ఆగిపోయాయి. విదేశాల నుంచి కొన్న గడియారాలవి. 2017లో దాని బదులు పంపినది ఉష్ణ కవచం విడిపోక విఫలమైంది. 2023 మేలో వెళ్లిన ఎన్‌వీఎస్-01లో స్వదేశీ అణు గడియారం పెట్టారు. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి వందో ప్రయోగంగా వెళ్లిన ఎన్‌వీఎస్-02 మాత్రం ఇంజిన్‌కు ఆక్సిడైజర్ అందించే వాల్వు తెరుచుకోక అనుకున్న కక్ష్యకు చేరలేదు.

2025 జులైలో పార్లమెంటుకు ప్రభుత్వం ఇచ్చిన లెక్క ప్రకారం పంపిన 11 ఉపగ్రహాల్లో చోటు, సమయం చెప్పే పని చేస్తున్నవి 4. పైన చెప్పుకున్నట్టు చోటు తేలడానికి కనీసం కావాల్సింది కూడా 4. వాటిలో ఒక్క ఉపగ్రహం పనిచేయకపోయినా నావిక్ ఒంటరిగా చోటు చెప్పలేదు. మీ ఫోన్ మిగతా దేశాల ఉపగ్రహాలను కలుపుకుంటుంది కాబట్టి మీకు తేడా తెలియదు. దేశానికి మాత్రం ఇది చిన్న విషయం కాదు.

సమయం విషయంలో ఒక మంచి ప్రయత్నం జరుగుతోంది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల లెక్కించే భారత ప్రామాణిక సమయాన్ని అహ్మదాబాద్, బెంగళూరు, భువనేశ్వర్, ఫరీదాబాద్, గువాహటి కేంద్రాల ద్వారా నేల మీది నుంచే అందించాలన్నది వినియోగదారుల వ్యవహారాల శాఖ ప్రణాళిక. టెలికాం, బ్యాంకింగ్, విద్యుత్ రంగాలు ఈ సమయాన్నే వాడాలన్న ముసాయిదా నిబంధనలు 2025 జనవరిలో వచ్చాయి. అమలైతే టవర్లకూ గ్రిడ్‌కూ ఆకాశం ఒక్కటే దిక్కు అన్న పరిస్థితి తప్పుతుంది.

ఢిల్లీకీ టార్టుకూ తేడా

ఉత్తర యూరప్‌లోని ఎస్తోనియాలో టార్టు అనే పట్టణం ఉంది. 2024 ఏప్రిల్ చివర జీపీఎస్ జామింగ్ వల్ల ఫిన్‌ఎయిర్ సంస్థ అక్కడికి విమానాలను నెల రోజులు నిలిపేసింది. ఆ చిన్న విమానాశ్రయంలో దిగడానికి జీపీఎస్ తప్ప వేరే పద్ధతి అప్పటికి లేదు. దాన్ని ఏర్పాటు చేసుకున్నాకే విమానాలు మళ్లీ వచ్చాయి. ఢిల్లీలో సమస్య ఇలాంటిదే. కానీ నేల మీది పరికరాలను తీసేయకుండా ఉంచడంతో విమానాలు దిగాయి. కనీస స్థాయిలో నేల పరికరాల నెట్‌వర్క్‌ను కొనసాగిస్తున్నామని రాజ్యసభ సమాధానంలోనూ ఉంది.

మన ఊరి సేవలన్నింటికీ వేయాల్సిన ప్రశ్న ఇదే. సంకేతం పోయిన రోజు ఈ సేవ ఢిల్లీలా నడుస్తుందా, టార్టులా ఆగుతుందా? యాప్ వచ్చింది కదా అని బస్టాండ్‌లో టైంటేబుల్ బోర్డు తీసేసినా, రోవర్ వచ్చింది కదా అని హద్దురాయి పాతడం మానేసినా, ఫొటో ఉంది కదా అని కాగితం మస్టర్ ఎత్తేసినా మనం టార్టు వైపు ఒక అడుగు వేసినట్టే. పాత పద్ధతికే తిరిగిపోదామని ఎవరూ అనడం లేదు. దాన్ని పనిచేసే స్థితిలో పక్కన ఉంచుకోవాలి. ఎవరు, ఎప్పుడు దానికి మారాలో రాసి ఉండాలి.

మీరు ఈ వారమే చేయగల పనులు కొన్ని ఉన్నాయి. కడప జిల్లా మ్యాపును ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. ఇంటి చిరునామా గుర్తులతో సహా రాసి ఇంట్లో అందరికీ కనిపించేలా పెట్టండి. మీ పొలం సర్వే నంబరు, కొత్తగా ఇచ్చిన ఎల్పీఎం నంబరు, పటం నకలు కాగితం మీద ఉంచుకోండి. తర్వాతి గ్రామసభలోనో, వార్డు సచివాలయంలోనో ఒక ప్రశ్న అడగండి: 'లొకేషన్ రాని రోజు ఈ పని ఎలా చేస్తారు? ఆ ఉత్తర్వు చూపిస్తారా?' జవాబు కాగితం మీద ఉంటే ఆ సేవకు రెండో దారి ఉన్నట్టు. 'సిగ్నల్ వచ్చాక రండి' అన్నదే జవాబైతే, ఆ దారి వేయించుకోవాల్సింది సిగ్నల్ ఉన్న ఈ రోజుల్లోనే.